నాలుగో మూల

పుంగనూరులో రెడ్డెమ్మ ఇంటికి చిన్నకోడలుగా వచ్చిన యశోదకు ఇన్నాళ్లకు ఒక బొంత తయారవుతోంది. పెద్దకోడలు మునిరత్నమ్మకు పెళ్లినాడే కుట్టి చేతిలో పెట్టిన అత్తగారు ఆ తర్వాత మళ్లీ సూది ముట్టలేదు. పెద్దకొడుకు నాగరాజు భార్య పుట్టింటికి దగ్గరని కుప్పంలో కాపురం పెట్టడం, రెడ్డెమ్మ దాన్ని నలుగురి ముందూ ఇల్లరికం అనేయడం, మునిరత్నమ్మ అప్పటి నుంచి అత్తింటి ముఖం చూడకపోవడం, రెడ్డెమ్మ కూడా కొడుకింటి గడప తొక్కనని ఒట్టు పెట్టుకోవడం ఇదివరకే చదివారు. నాలుగేళ్ల తర్వాత ఈ శ్రావణంలో రెడ్డెమ్మ తనంతట తానే పాతచీరలు దించి నడవలో పరిచింది. యశోద అడగలేదు. అడగకుండా దొరుకుతున్నది కనుకే దాన్ని చూసుకున్నప్పుడల్లా ఆమెకు లోపల ఎక్కడో వెచ్చగా ఉండేది. పోయిన వారానికి బొంత మూడు మూలలూ మూసుకున్నాయి. నాలుగోది తెరిచే ఉంది.

ఆ బుధవారం పొద్దున ఇంట్లో తగాదా పాలగిన్నె దగ్గర మొదలైంది.

“ఏమ్మా యశోదా, ఇది పాలగిన్నేనా, కొలిమిలో బొగ్గులెత్తేదా?” రెడ్డెమ్మ గిన్నెను పెరటి వాకిట్లో వెలుతురుకు ఎత్తిపట్టి అడిగింది. చినుకు పడుతోంది. గిన్నె అడుగున నల్లటి మరక గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు ఉంది.

“నిన్న చింతపండు పెట్టి తోమాను అత్తా. ఇంకోసారి తోముతాను.”

“తోమితే పొయ్యేదా ఇది? ఈ మాడు మీద పాలు పోస్తే విరిగి ఊరుకుంటాయి.”

“మాడుంటే పాలు విరగవత్తా. పులుపుంటే విరుగుతాయి.”

మాట సరైనదే. అనకుండా ఉండవలసింది కూడా. రెండూ యశోదకు ఒకేసారి తెలిశాయి.

“అవునా! మదనపల్లె కాలేజీలో పాలగిన్నెల పాఠం గూడా చెప్పినారేమో, నాకు తెలీలా.”

అద్దం ముందు సగం గడ్డం నురగతో ఉన్న వెంకటేశులు జోక్యం చేసుకున్నాడు. “ఒక గిన్నెకు పొద్దున్నే ఇంత రభస యాలమ్మా? సాయంత్రం అంగట్లో ఇంకోటి తెస్తా.”

“నీకేం తెలుసు గిన్నె సంగతి?” అంది తల్లి. “మీరు ఊరుకోండి,” అంది భార్య. రెండు మాటలూ ఒకే క్షణాన వచ్చాయి. వెంకటేశులు మళ్లీ అద్దంలోకి తిరిగాడు.

నడవలో పేపరు వెనకాల నుంచి మామగారు నారాయణస్వామి అన్నాడు. “ఏ గిన్నెలో కాగినా సరే, కాఫీ అనేది ఒకటి వస్తాదా ఈపొద్దు?”

కాఫీ వేరే గిన్నెలో కాగి వచ్చింది. తగాదా తేలకుండానే ఆరిపోయింది. కానీ గిన్నె ఎందుకు మాడిందని అత్తగారు అడగలేదు. కేకు విషయం మధ్యాహ్నం దాకా దాచాలనుకుంది గనుక యశోదా చెప్పలేదు.

కేకు కాల్చాలన్న ఆలోచన షంషాద్ డబ్బా వల్ల వచ్చింది. వెనక సందులో టైలరు మహబూబ్ బాషా భార్య షంషాద్. బొంతకు కావలసిన కత్తిరింపు ముక్కలు ఆమె ఇంటి నుంచే వస్తాయి. పోయిన వారం ముక్కలతో పాటు డబ్బా నిండా బిస్కెట్లు కూడా తెచ్చింది. ఆ డబ్బాను ఖాళీగా తిప్పి పంపడం యశోదకు ఇష్టం లేకపోయింది. మురుకులు, చెనక్కాయల ఉండలు ఎవరైనా పెడతారు. హాస్టల్లో ఉన్నప్పుడు వార్డనమ్మ ఇసుక మీద కేకు కాల్చడం రెండు మూడుసార్లు పక్కన నిలబడి చూసింది. నిన్న సాయంత్రం అత్తగారు గుడికి వెళ్లిన సమయంలో తనూ కాల్చింది. అడుగు కొంచెం మాడినా పైన చక్కగా పొంగింది. మాడిన పొరను కత్తితో గీరేసి, ముక్కలన్నీ ఒకే కొలతలో కోసి, తడిగుడ్డ కప్పి ఉంచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, ముసురులోనే, కొంగు నెత్తిన కప్పుకుని షంషాద్ వచ్చింది. ఎదురింటి కాంతమ్మ అప్పటికే వచ్చి గోడవైపు చోటు చూసుకుంది. కాంతమ్మకు సూది కంటే నోరు వేగం. అయినా కుట్టు వంకర పోదు, అందుకే రెడ్డెమ్మ ఆమె నోటిని భరిస్తుంది.

బొంత ఒక పక్కకు రోకలి, ఇంకో పక్కకు పొత్రం బరువు పెట్టి, నలుగురూ నాలుగు వైపుల కూర్చున్నారు. అడుగున రెడ్డెమ్మ పాత నేతచీరలు, పైన రంగురంగుల ముక్కలు. కుట్టు అంచు నుంచి లోపలికి జరుగుతూ పోవాలి. ఎవరి కుట్టు ఏదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. యశోదది సన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. కాంతమ్మది పొడుగ్గా ఉంటుంది, రెడ్డెమ్మది పొడుగూ పొట్టీ కాకుండా దారం గట్టిగా లాగినట్టు ఉంటుంది.

“ఆ బిస్కెట్లు ఇంట్లో చేసినవేనా షంషాదూ?” కాంతమ్మ అడిగింది.

“పిండి కలిపేదే ఇంట్లో అక్కా. మైదా, చక్కెర, డాల్డా, అంతా గిన్నెలో ఏసుకోని బేకరీకి ఎత్తకపోతాం. ఆడ వాళ్లు అచ్చులేసి కాల్చిస్తారు. పిండి మనది, పొయ్యి వాళ్లది. మధ్యలో కొన్ని బిస్కెట్లు ఎవరివో ఆ దేవునికే తెలియాల.”

“పక్కన మనిషిని నిలబెట్టాల.”

“మా ఆయన్ని నిలబెడితిని ఒగసారి. ఆయనొక్కడే తిన్నిండాడు, బేకరీవాళ్లే మేలు.”

రెడ్డెమ్మ కూడా నవ్వింది. పొద్దుటి గిన్నె ఆ నవ్వులో కొట్టుకుపోయిందని యశోద అనుకుంది.

మాటలు కోడళ్ల మీదికీ, కోళ్ల మీదికీ, నిమ్మనపల్లెలో కాంతమ్మ చెల్లెలి ఇంటి కప్పు కారడం మీదికీ పోయి, వాన దగ్గరికి తిరిగి వచ్చాయి.

“నేల పదును బాగుండాదక్కా. సొరపాదు ఇంకా పెట్టలేదేంది?” కాంతమ్మ రెడ్డెమ్మను అడిగింది.

“రేపు పెడతా.”

“ఈసారన్నా నాకు రెండు గింజలియ్యి.”

“కాయలిస్తానే ఉండా గదా ప్రతి ఏడూ.”

“లేతకాయలిస్తావు. ముదురుకాయ ఒక్కటన్నా ఇస్తివా ఇన్నేండ్లల్లో? గింజ యాడ మొలుస్తాదో అని లేతగా ఉన్నప్పుడే కోసి ఇస్తావు. నేను సూడలేదనుకున్నావా?”

“మా అమ్మ సొర అది. చెయ్యి మారితే చేదెక్కతాది,” అంది రెడ్డెమ్మ, తల ఎత్తకుండా.

ఆ సొర సంగతి వీధి అంతటికీ తెలుసు. రామకుప్పం పక్క పల్లెలో రెడ్డెమ్మ తల్లి తిమ్మక్క పెంచిన రకం. వాన మొహం చాటేసిన ఏడు మిగతా సొరలన్నీ చేదెక్కినా ఇది ఎక్కదు. రెడ్డెమ్మ పుట్టింటి చేను అమ్ముడుపోయింది, అన్నదమ్ములు బెంగుళూరు పనులకు పోయారు. ఇప్పుడా సొర ఉన్నది ఈ పెరట్లోనే. ఇంట్లో అందరూ దాన్ని తిమ్మక్క సొర అంటారు.

షంషాద్ తన వైపు మూలను వేలితో ఎత్తి చూసింది. “దీన్ని యాల తెరిచి పెట్టినావు పెద్దమ్మా? ముక్క చాలలేదా? ఇంటికాడ ఉండాది, తెస్తా.”

“ముక్క గాదమ్మా. ఆ మూలలో గింజలు పెట్టి కుట్టాల.” రెడ్డెమ్మ దారం తెంపి, మెల్లగా చెప్పింది. “మా పుట్టింటి పద్ధతి. మా అవ్వల కాలంలో కరువొస్తే ఊరిడిసి పొయ్యేటోళ్లు. చెంబూ తపేలా అమ్ముకున్నా బొంత చేతిలో ఉంటాది గదా. యాడ దిగితే ఆడ మూల విప్పి పాదు పెట్టుకునేటోళ్లు. అందుకే కొత్త కోడలి బొంతలో కడా మూల గింజలతోనే మూస్తారు. రేపు పాదు పెట్టినాక ఆ గింజల్లోనే కొన్ని తీసి దీన్ని మూసేస్తా.”

యశోద సూది ఒక్క క్షణం ఆగింది. ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. కాంతమ్మకు ఏళ్ల తరబడి దక్కనివి తన బొంతలోకి రాబోతున్నాయి. ఏమనాలో తోచక లేచి వెళ్లి కేకు పళ్లెం తెచ్చింది.

“ఇదేంది, అంగట్లోదా?” అంది కాంతమ్మ, ముక్క తీసుకుంటూనే.

“నేనే కాల్చాను. పాలగిన్నె మాడింది దీనికేనత్తా.”

రెడ్డెమ్మ చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలింది. “బాగుండాది,” అంది. తర్వాత, తప్పదన్నట్టు, “గిన్నె పోతే పోనీలే,” అని చేర్చింది.

షంషాద్ ముక్కను తిప్పి అడుగు చూసింది. “బేకరీ పొయ్యి లేకుండా ఇంత పొంగిచ్చినావే! ఎట్లా కాల్చినావమ్మా?”

యశోద సంతోషంగా చెప్పింది. మందపాటి ఇనుప బాణలిలో ఇసుక పోసి స్టవ్వు మీద బాగా కాగనివ్వాలి. అందులో గిన్నె కూర్చోబెట్టి, పైన మూత పెట్టి, మూత మీద కాసిని నిప్పులు వేయాలి. మంట పెద్దది కాకూడదు. మూత మాటిమాటికీ తీయకూడదు.

“అది సరే. ఈ ముసురులో పొడి ఇసుక యాడ దొరికింది నీకు? మా ఇంటి ముందర ఇసుక పిండితే నీళ్లు కారతాండాయి.”

“అటక మీద కుండలో ఉంది కదా. సన్నటి ఏటి ఇసుక, జల్లించి పెట్టినట్టు.”

రెడ్డెమ్మ సూది గుడ్డలోకి సగం దిగి ఆగిపోయింది.

“ఏ కుండ?”

“మూతికి పచ్చగుడ్డ కట్టిన కుండత్తా. నిండా ఇసుకే ఉంది.”

రెడ్డెమ్మ సూదిని అక్కడే వదిలి, నేల మీద చెయ్యి ఆన్చి లేచి, వంటింట్లోకి నడిచింది.

బాణలి వంటగట్టు కింద, నిన్న ఎత్తిపెట్టిన చోటే ఉంది. రెడ్డెమ్మ దాన్ని వెలుతురులోకి లాగి, జల్లెడ తెమ్మంది. యశోద తెచ్చి ఇచ్చింది. ఇసుక సన్నగా కిందికి జారిపోయింది. జల్లెడలో గింజలు మిగిలాయి. పొడుగ్గా, చదునుగా, రెండు చెవులు తేలిన సొరగింజలు. తెల్లగా ఉండవలసినవి బెల్లం రంగుకు తిరిగాయి. కొన్ని అంచున నల్లబడ్డాయి. పురుగు పట్టకుండా రెడ్డెమ్మ ప్రతి ఏడూ వాటిని ఎండిన ఇసుకలో కలిపి కుండకెత్తి అటకెక్కిస్తుంది. అది అందరూ చేసే పనే కనుక కోడలికి ప్రత్యేకం చెప్పాలని ఆమెకు తోచలేదు. మదనపల్లెలో పెరిగిన యశోద ఇంట్లో విత్తనాలు పొట్లాల్లో వచ్చేవి.

రెడ్డెమ్మ ఒక గింజను పంటి కింద పెట్టింది. అది టప్పున విరిగింది. ఇంకొకటి కొరికి చూసింది. అదీ అంతే. ప్రాణమున్న గింజ పంటికి అలా విరగదు.

నిన్న కుండలో ఇసుకంతా బాణలిలోకి వంపుతున్నప్పుడు మసక వెలుతురులో పెంకుల్లాంటివేవో కనబడ్డాయి యశోదకు. జల్లెడ పట్టాలనిపించింది. అత్తగారు గుడి నుంచి వచ్చేలోగా అయిపోవాలన్న తొందరలో పట్టలేదు. కాసేపటికి కమ్మటి వేపుడు వాసన వచ్చింది. కేకు వాసనే అనుకుని మురిసిపోయింది.

“అన్నీ దీంట్లోవేనా అత్తా? వేరే ఎక్కడా లేవా?”

“అన్నీ దీంట్లోవే.”

“నేను చూసుకోవలసింది.”

రెడ్డెమ్మ తిట్టలేదు. పొద్దున ఒక మాడిన గిన్నె కోసం వాకిలి అదిరేలా అరిచిన మనిషి, జల్లెడలో గింజలను వేళ్లతో అటూ ఇటూ జరుపుతూ పీట మీద కూర్చుండిపోయింది. ఒక్క తిట్టు తిడితే బాగుండునని యశోద గుమ్మం పట్టుకుని నిలబడింది.

కాంతమ్మ, షంషాద్ వెనకే వచ్చారు. కాంతమ్మ జల్లెడలోకి వంగి చూసింది. ఎన్నడూ లేనంత మెల్లగా అంది. “ఆపొద్దు నాకు రెండు గింజలిచ్చింటే, ఇప్పుడు నా పెరట్లోంచి తెచ్చి నీ చేతిలో పెట్టేదాన్ని గదక్కా.”

రెడ్డెమ్మ ఒప్పుకుంటున్నట్టు తల ఊపింది.

“ఎవురికీ ఇయ్యలేదా పెద్దమ్మా? ఒక్కరికి గూడా?” అంది షంషాద్.

“ఇయ్యలేదమ్మా. మా చెల్లెలు అడిగినా ఇయ్యలేదు.” అంటూనే రెడ్డెమ్మ చెయ్యి జల్లెడలో ఆగింది. తలుపు సందులోంచి నడవలో పరిచిన బొంత కనబడుతోంది, తెరిచిన మూల ఇటువైపే ఉంది. “ఒకచోట ఉండాయి,” అంది.

ఎక్కడని ఎవరూ అడగలేదు. ఆమె తన చేత్తో మూల మూసిన బొంత ఇంకొకటే ఉంది. అది కుప్పంలో ఉంది.

“అయ్యో అక్కా,” అంది కాంతమ్మ. “ఈపాటికి ఎన్నిసార్లు ఉతికుంటాదో. కప్పుకున్న బొంత ఉతక్కుండా ఉంటారా? మూలలో నీళ్లు దిగితే గింజ ఉబ్బి కుళ్లిపోయుంటాది.”

“కప్పుకోనుంటే గదా,” అంది రెడ్డెమ్మ. “నా మీద కోపానికి పెట్టెలో అడుగున పడేసుంటే?”

“పెట్టెలోనే ఉంటే ఏమీ కాదు పెద్దమ్మా,” అంది షంషాద్. “సొరగింజ పెంకు గట్టిది.”

“అయితే ఆ పిల్లకు నీ మీద కోపం తగ్గకుండా ఉండాలని మొక్కుకోవాల మనం,” అంది కాంతమ్మ.

హాస్యానికే అంది. ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం ఇంక కుట్టు సాగలేదు.

సాయంత్రం వెంకటేశులు కొత్త పాలగిన్నెతో వచ్చాడు. దాన్ని చూడడానికి కూడా తల్లి వంటింట్లోంచి రాకపోయేసరికి, యశోదను పెరటి వాకిట్లోకి పిలిచి ఏమైందని అడిగాడు. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. తన తప్పును తగ్గించలేదు, పెంచలేదు.

బొంత దగ్గరికి వచ్చేసరికి అతని ముఖం మారింది.

“ఎర్రంచు బొంతేనా? మధ్యలో నెమలిరంగు ముక్కలుండేదేనా?”

“నేనెప్పుడు చూశాను? మీకెందుకా అనుమానం?”

అతను తల్లి వినడం లేదు కదా అని లోపలికి చూశాడు. “వైశాఖంలో ఆఫీసు పని మీద శాంతిపురం పోయినాను గదా. అట్నుంచి కుప్పం పోయి అన్నను చూసొచ్చినా. ఇంట్లో చెప్పలేదు. నీకు గూడా.” కాస్త ఆగాడు. “ఆ బొంత వాళ్ల వాకిట్లో తీగ మీద ఆరేసి ఉండాది. నీళ్లు కారతాండాయి. అన్న కూతురికి అది లేకపోతే నిద్ర పట్టదంట. పసిపిల్ల గదా, తడుపుతాది. వదిన వారం వారం ఉతుకుతాది.”

“వారం వారమా?”

“పుట్టినప్పటి నుంచీ అంట. మీ అవ్వ కుట్టిన బొంత అని పిల్లకు చెప్తాదంట వదిన. అన్న చెప్పినాడు.”

యశోద తీగ మీద ఆరేసిన ఆ బొంతను తలచుకుంది. గింజలు ఉండవు. అత్తగారికి ఉన్న ఆఖరి ఆశ అదొక్కటే. అది పోయిందన్న మాటలోనే, కోపంతో పెట్టె అడుగున ఉంటుందనుకున్న బొంత మనవరాలి ఒంటి మీద ఉందన్న మాట కూడా ఉంది. మొదటిది వింటే రెడ్డెమ్మ రెండోది వినిపించుకుంటుందా?

“అమ్మకు చెప్పేదా?” అన్నాడు వెంకటేశులు.

“ఉండండి,” అంది యశోద. “నన్ను ఆలోచించుకోనివ్వండి.”

దీపాలు పెట్టాక అందరూ భోజనాలకు కూర్చున్నారు. సంకటి, ఊరుబిండి పచ్చడి, పప్పు. రెడ్డెమ్మ ఎప్పటిలాగే అందరికీ ముద్దలు పెట్టి, నెయ్యి వేసి, తనూ పళ్లెం ముందుకు లాక్కుంది. వెంకటేశులు గొంతు సవరించుకున్నాడు. యశోద అతని వైపు చూసింది. అతను ముద్ద తీసుకున్నాడు.

“రేపు నేను కుప్పం పోతాండా,” అంది రెడ్డెమ్మ.

నారాయణస్వామి చెయ్యి పప్పుగిన్నె మీద ఆగిపోయింది. “యాడికి?”

“కుప్పం. నాగరాజు ఇంటికి.”

“ఒట్టు పెట్టుకున్నావు గదా?”

“పెట్టుకున్నది నేను. తీసేది గూడా నేనే.”

ఆయన పప్పు వడ్డించుకోవడం మరిచిపోయి భార్య ముఖంలోకి చూశాడు. “నాలుగేండ్లుగా పిల్లోన్ని చూసొద్దాం రామ్మే అని అడగతానే ఉండా. కొడుకు కోసం కదలని మనిషివి, సొరగింజల కోసం కదలతాండావా?”

రెడ్డెమ్మ సంకటి ముద్దను వేళ్లతో నొక్కుతూ ఉండిపోయింది. “ఎందుకో ఒకందుకు కదలనీ. గింజలడిగేదానికైతే నోరు పెగులుతాది నాకు. ఊరికే పోయి నిలబడితే ఏం మాట్లాడాలో తెలీదు.”

పెరట్లో చూరు నుంచి నీళ్లు కారుతున్న చప్పుడు వినబడింది.

“యశోదా, నువ్వూ రావాల. ఆ బొంత గూడా చుట్టి పెట్టుకో. నాలుగో మూల ఈడ మూసేది లేదు. ఆ పిల్ల తన బొంతలో గింజలు తీసిస్తే, దీంట్లో పెట్టి ఆమె చేత్తోనే కుట్టిస్తా.”

“ఇయ్యకపోతే?” అన్నాడు నారాయణస్వామి.

“తెరిచిన మూలతోనే తిరిగొస్తా.”

వెంకటేశులు తల ఎత్తి భార్య వైపు చూశాడు. చెప్పెయ్యమనో, చెప్పవద్దనో అతనికే తెలిసినట్టు లేదు. వారం వారం అన్న మాట యశోద నాలుక చివర ఉంది. చెబితే ఈ ప్రయాణం ఈ పళ్లెం దగ్గరే ఆగిపోతుంది. చెప్పకపోతే, రేపు కుప్పంలో ఆ ఖాళీ మూల విప్పినప్పుడు అత్తగారి పక్కన నిలబడవలసింది తనే.

సంకటి ముద్ద మింగి, నీళ్ల చెంబు అత్తగారి దగ్గరికి జరిపింది.

“మొదటి బస్సుకే పోదామత్తా,” అంది. “షంషాద్ డబ్బా ఇంకా ఇక్కడే ఉంది. మిగిలిన కేకు దాంట్లో పెడతాను. పిల్ల ఉన్న ఇంటికి ఖాళీ చేతుల్తో పోకూడదు.”